చిన్నవ్వ రంగు వేసిన చీర

నిన్న తళవాయిపురం బస్‌లో ఉండగా తమ్ముడి ఫోన్.

"అక్కా, చిన్నవ్వ పోయినాది."

సరిగ్గా వినబడలేదనుకుని మళ్ళీ అడిగాను. వాడు ఏడుస్తున్నాడు.

మొన్ననే కదా వీడియో కాల్‌లో నా జాకెట్ రంగు బాగాలేదని తిట్టింది!

మా అమ్మమ్మ చెల్లెలు కోమలమ్మ. మాకందరికీ చిన్నవ్వ.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వాళ్ళ నాయన రాజపాళయంలో ఫోటోలు తీసేవారు. ఇల్లు గడిచేది స్టూడియో మీద. ఆయన మనసంతా బయటే. మిల్లు గేటు, పత్తి జిన్నింగ్ షెడ్డు, దూది దుమ్ముతో తెల్లబడిన మనుషులు.

బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ల మీద పుల్లకు దూది చుట్టి రంగులు అద్దే పని చిన్నవ్వది. అప్పటికింకా పెళ్ళి కాలేదు.

మా హాల్లో ఉన్న కంజి ఫోటో మీలో చాలామంది చూశారు. బియ్యం దొరకని కాలం. గంజి కోసం గిన్నెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. అన్నీ వీపులే. ఒక్కామె మాత్రం మనవైపు చూస్తుంది.

ఆకలికి ముఖం ఉండదని చెప్పే కంపోజిషన్ అని ఒక ఫ్రెండ్ అంది. నాకూ అలాగే అనిపించేది.

చిన్నవ్వ చెప్పింది వింటే ఇంకా కష్టంగా ఉంటుంది.

"సిగ్గుతో తిరుక్కొన్నారు. నాయన బలవంతం చేయలా."

మనవైపు చూసే ఆమె వీరమ్మ. చోళపురం. మరునాడు స్టూడియోకి వచ్చిందట.

"నాకొక మంచి చీర ఉండె అయ్యా. బియ్యానికి అమ్మేసినాను. ఫోటోలో అది కట్టించండి. నా బిడ్డ చూస్తాది."

ఆయన ఒప్పుకోలేదు.

"ఉన్నది ఉన్నట్టే ఉండాల. లేని చీర వేస్తే, ఈ ఆకలే పొయ్యి అంటారు."

పొయ్యి అంటే మా ఊళ్ళో అబద్ధం.

వీరమ్మ వెళ్ళిపోతుంటే చిన్నవ్వ వెనకాలే పరిగెత్తింది.

"ఏం రంగు అక్కా?"

"వంగపండు రంగు. పసుపు అంచు."

నాయనకు చెప్పకుండా ఇంకో ప్రింట్ తీసి, ఆ చిరుగుల గుడ్డ మీద వంగపండు చీర వేసింది.

ముఖానికి మాత్రం రంగు అద్దలేదు. బుగ్గలకు గులాబీ వేయడం స్టూడియో అలవాటు. ఆ గుంటలు పడ్డ బుగ్గల మీద చెయ్యి ఆడలేదట.

నాయన చూసి అరిచారు. చింపబోయి ఆగిపోయారు.

వీరమ్మ మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు ఆయనే ఆ ప్రింట్ తీసుకుని చోళపురం వెళ్ళారు. ఆమె అప్పటికే లేదు. కలరా.

చిన్న కూతురు పక్కింట్లో ఉంది.

ఇంటికొచ్చి చిన్నవ్వను పిలిచారట. ఇలా అన్నారు:

"బిడ్డ మొగం గుర్తుపట్టలా, కోమలా. చీర చూసినాక, అమ్మ అనినాది."

ఆ ప్రింట్ పాపకే ఇచ్చేసి వచ్చారు. మా ఇంట్లో ఉన్నది రంగు లేనిది. రెండింటిలో ఏది నిజమని ఆయన మళ్ళీ ఎప్పుడూ వాదించలేదు.

తర్వాత చిన్నవ్వ ఆ పాప కోసం అడిగించింది. ఎవరో తీసుకెళ్ళారన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

పోయిన వారం కూడా నన్ను అడిగింది.

"ఆ బిడ్డ బతికుంటాదా?"



పోయిరా చిన్నవ్వా. ఇక ఎవరి కోసమూ వెతకొద్దు. నిశ్చింతగా పడుకో.