కింద నా పేరు

మిర్చి ఎగుమతి చేసే మా కంపెనీ గుంటూరు ఆఫీసులో, ఏఐని జాగ్రత్తగా వాడడం నేర్పడానికి ఒక రోజు తరగతి పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చిన అమ్మాయి "అది రాసింది పూర్తిగా చదివి, తెలిసినవాళ్లకు చూపించాకే పంపండి" అని నాలుగుసార్లు చెప్పింది. ఇరవయ్యేళ్లుగా రైతుల చుట్టూ తిరుగుతున్న నాకు ఈ పిల్ల చెప్పేదేమిటని వెనక వరసలో కునుకు తీశాను. చివర్లో పెట్టిన పరీక్షలో మాత్రం పదికి పది వచ్చాయి. పక్కాయన పేపరు అంత స్పష్టంగా కనిపిస్తే నేనేం చేయను?

ఆ వారమే, కల్లంలో ఆరబోసిన మిరపకాయలను శుభ్రంగా ఎలా ఉంచుకోవాలో రైతులకు సలహా రాయమని ఏఐని అడిగాను. అరనిమిషంలో చక్కటి తెలుగు వచ్చింది. ఆ తెలుగుకు మురిసిపోయి, సగమే చదివి, కింద నా పేరు పెట్టి వాట్సాప్ గ్రూపులో పడేశాను. సగం తర్వాత ఉన్న సలహా ఇది: దుమ్ము పోయేలా కాయలను మంచినీటితో కడగండి.

మా వైపు మంచు పడుతుందంటేనే కాయల మీద పట్టాలు కప్పుతారు. తడి తగిలితే కాయ నల్లబడి బూజు పడుతుంది, ఇక దాన్ని కొనేవాడుండడు.

నేను టీ తాగుతుండగా ఒక రైతు జవాబిచ్చాడు. "సరేనండి, మోటారేస్తున్నా." అప్పుడు మిగతా సగం చదివాను. ఫోన్ చేస్తే ఎత్తడు. గ్రూపులో "కడగొద్దు" అని పెట్టి, బండెక్కి ఆ ఊరికి పరుగెత్తాను.

వెళ్లేసరికి పైపులోంచి నీళ్లు పక్క చేలోకి పోతున్నాయి. పైపుకీ కాయల రాశికీ మధ్య ఆ రైతు భార్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రండి సారూ. మీ ఇంట్లో వడియాలు ఎండబెట్టి కడుగుతారా ఏంటండీ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అది నేను రాయలేదమ్మా, ఏఐ రాసింది" అన్నాను.

"రాయకపోతే కింద మీ పేరెందుకుందండీ?"

ఆమెకు దణ్ణం పెట్టాను. ఇప్పుడు మా ఆఫీసులో ఏఐ రాసిన ప్రతి సలహా ముందు ఆమె ఫోనుకే వెళుతుంది. సగం ఆమె కొట్టేస్తుంది, పైగా మాకు చీవాట్లు.

తర్వాతి తరగతిలో ముందు వరసలో కూర్చున్నాను. ఆ అమ్మాయి అడిగితే లేచి ఈ కథంతా చెప్పాను. కుర్చీ సంగతికి, వడియాల సంగతికి అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు రైతు మోటారు కట్టేస్తూ అన్న మాట మాత్రం నవ్వులు ఆగాక చెప్పాను.

"కాయలు కడక్కూడదని నాకూ తెలుసండి. చెప్పింది మీరు కదా అని వేశా."