కుడి పక్క కాపలా

మొన్న ఖరీదైన హెడ్‌ఫోన్ ఒకటి కొన్నాను. మెత్తటి దిండ్లు చెవుల మీద వాలగానే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ హారన్లన్నీ అణిగిపోయాయి. పాటలో గాయని ఊపిరి తీసుకోవడం, వేలు తీగను వదిలిపెట్టడం కూడా వినిపించాయి. ఇంత స్పష్టంగా వినపడేసరికి ఎందుకో బెంగగా అనిపించింది. ఇది ఇద్దరు పంచుకునే వస్తువు కాదు.

నర్సింహన్న, నేను ఒకే ఇయర్‌ఫోన్ పంచుకునేవాళ్లం. ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియోలో గొంతునూ వాద్యాలనూ సరిపాళ్లలో కలిపి పాటలు మిక్సింగ్ చేసే ఇంజినీరు, నేను అసిస్టెంటును. దోమ ఏ శ్రుతిలో పాడుతోందో చెప్పేస్తాడని ఆయన గురించి అందరికీ చెప్పాను. ఒక దోమ సిగ్గుపడి శ్రుతి సరిచేసుకుందని కూడా చెప్పాను. నమ్మినవాళ్లున్నారు.

మిక్సింగ్ పూర్తయ్యాక ఆయనకొక పద్ధతి ఉండేది. పాటను ఫోన్‌లో ఎక్కించుకుని, ఫుట్‌పాత్ మీద కొన్న నాసిరకం ఇయర్‌ఫోన్‌తో యూసుఫ్‌గూడ బస్సెక్కేవాడు, నన్ను వెంటబెట్టుకుని.

“స్టూడియోల పెద్ద స్పీకర్లు పెట్టుకొని మురుస్తం తమ్మీ. పాట బతకాల్సింది గీ బస్సుల. ఎడమది నాకు, కుడిది నీకు. చెప్పు, నీ పక్క ఎట్లున్నది?”

నాకు పరీక్ష పెడుతున్నాడనుకుని పొంగిపోయేవాణ్ణి.

ఒక సాయంత్రం నా వైపు తీగ లోపల ఎక్కడో తెగింది. ఒక్క ముక్క వినపడలేదు. ఆ మాట చెబితే దిగి, కొత్తది కొని, ఇంకో బస్సెక్కాలి. నాకేమో ఆకలి.

“అన్నా, వయొలిన్లు పట్టుచీర మడత విప్పినట్టున్నాయి!” అన్నాను.

“నిజంగనా?”

“మీ మీదొట్టు.”

“అయితే ఫికర్ లేదు. పంపించేస్త.”

పాట విడుదలైన రోజు సంగీత దర్శకుడు మా గదిలోకొచ్చి మండిపడ్డాడు. కుడివైపు వయొలిన్లు గాయని గొంతును మింగేశాయట. “ఏంటండీ ఇది? కుడి పక్క విన్నదెవరు?”

నేను నోరు తెరవబోతే నర్సింహన్న నా చెయ్యి నొక్కాడు. “నేనే సార్. నా కుడి చెవి పోయి ఏడాదయ్యింది. ఎవ్వరికీ చెప్పలే.”

ఆయన పని ఆ రోజుతో పోయింది.

వారం తర్వాత యూసుఫ్‌గూడలో ఆయన ఇంటికి వెళ్లి తీగ సంగతి ఒప్పుకున్నాను. చాయ్ గ్లాసు నా ముందు పెట్టాడు.

“గా మాట బస్సులనే అంటే అయిపోవు కదరా. కథలు ఎన్నన్న చెప్పుకో, నవ్వుత. కని గాడ నేను నీ చెవితోని విన్న.”

ఆయన చనిపోయేదాకా ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. చాయ్ ఇచ్చేవాడు, నవ్వేవాడు. మా మధ్య పాట మాత్రం మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

ఇప్పుడు మిక్సింగ్ నేనే చేస్తున్నాను. పాట ఎలా ఉందని ఎవరైనా అడిగితే నా నోట కథ రాదు. “మళ్లీ ఒకసారి వింటాను” అంటాను. బస్సులో ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి, ఒక్కణ్ణే వింటాను. దిగాల్సిన స్టాపు దాటిపోతుంది.