అమ్మోనియా నీళ్లలో ముప్పై ఖోకాలు

రైఫిల్ క్లబ్బులో నేను పనికి కుదిరింది అక్కడ ఎవరూ నాతో మాట్లాడరని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సూరత్ గోడాదరాలో మా గల్లీ అంతా మగ్గాల చప్పుడే. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ చప్పుడు మీదుగా అరిచి పలకరిస్తారు, నేనూ అరిచి జవాబు చెప్పాలి. క్లబ్బులోనైతే అందరూ చెవులు మూసుకుని ఉంటారు. ఆదివారం పొద్దున రిజిస్టరులో పేర్లు రాసుకోవడం, మిగతా సమయమంతా పుస్తకం చదువుకోవడం. నాలాంటిదానికి ఇంకేం కావాలి?

నా వెనక గదిలో తాత కూర్చునేవారు. వరసకు నాకేమీ కారు. జగిత్యాల వైపు నుంచి ఫౌజులో చేరి, రిటైరయ్యాక సూరత్‌లో స్థిరపడ్డ మనిషి. సభ్యుల పెద్ద రైఫిళ్లకు పేలిన తూటాలనే మళ్లీ నింపి ఇచ్చేవారు. పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని అక్కడ ఖోకా అంటారు.

ఒకరోజు ధైర్యం చేసి, ఖోకా ఎప్పుడూ మెడ దగ్గరే ఎందుకు చీలుతుందని అడిగాను. ఆయన ఒక ఇత్తడి తీగ ముక్క ఇచ్చి అటూ ఇటూ వంచమన్నారు. మొదట మెత్తగా వంగింది, తర్వాత మొరాయించింది, ఆ తర్వాత టప్పున విరిగింది. ఖోకా మెడ గతీ అంతేనట. పేలినప్పుడు ఉబ్బుతుంది. గుండు బిగిసి కూర్చునేందుకు దాన్ని మళ్లీ నొక్కి సన్నం చేస్తారు. ఉబ్బి, నొక్కి, ఉబ్బి, నొక్కి, ఇత్తడి బిరుసెక్కుతుంది. అందుకే కొన్నిసార్లు వాడాక మెడను వేడిచేసి మెత్తబరుస్తారు. ఆ సాయంత్రం డైరీలో రెండు పేజీలు మెడ గురించే రాశాను.

వానలు మొదలయ్యాక, నొక్కిన ఖోకాలు ముప్పై నా చేతికిచ్చి, అంటిన నూనె పోయేలా సబ్బునీళ్లతో కడిగి తెమ్మన్నారు. నేను ఇంకాస్త బాగా చేద్దామనుకున్నాను. బట్ట మీద మగ్గం నూనె మరకలు తీయడానికి నాన్న రంగుల మిల్లు నుంచి తెచ్చిన అమ్మోనియా సీసా మా ఇంట్లో ఉంటుంది. పండగల ముందు అమ్మ దానితోనే ఇత్తడి సామాను తోముతుంది. ఒక పూటంతా ఖోకాలను అందులో నానబెట్టాను. బంగారంలా వచ్చాయి. తాత మురిసిపోయి డబ్బాలో పెట్టుకున్నారు.

మరుసటి ఆదివారం డబ్బా తెరిస్తే ప్రతి మెడ మీదా సన్నని చీలిక. తాత వాటిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. ఏవి వేడిచేశారో, ఏవి చేయలేదో ఆయనకు ఎప్పుడూ గుర్తే. ఈసారి మరిచిపోయి బిరుసెక్కినవాటినే నొక్కేశానని తేల్చుకున్నారు. మతిమరుపు మనిషి తూటాల జోలికి పోకూడదని, నెలాఖరు నుంచి రానని సెక్రటరీకి కాగితం రాసిచ్చేశారు.

నాకేదో అనుమానం. సోమవారం లైబ్రరీలో లోహాల మీద ఒక లావు పుస్తకం తిరగేశాను. నొక్కుడుకు లోపల బిగుసుకుపోయిన ఇత్తడికి అమ్మోనియా, తేమ తగిలితే చీలుతుందని ఉంది. పూర్వం గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాలకు, గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా తగిలి, వానాకాలంలో ఇదే జరిగేదట. పుస్తకం చదివి అంత భయపడటం అదే మొదటిసారి.

నోటితో చెప్పడం నా వల్ల కాదు. ఉత్తరం రాశాను, మూడుసార్లు తిరగరాసి. ఆదివారం దాన్ని ఆయన బల్ల మీద పెట్టి జారుకోబోతుంటే పిలిచారు.

"కండ్లద్దాలు ఇంట్ల మర్చిన బిడ్డా. జర నువ్వే సదువు."

గుమ్మంలో నిలబడి నా తప్పు నేనే చదివాను. సీసా, నానబెట్టడం, గుర్రాలు, అన్నీ. మధ్యలో బయట కాల్పులు మొదలయ్యాయి. గట్టిగా చదవమన్నారు. అరిచి చదివాను. సరిగ్గా "నన్ను క్షమించండి" దగ్గర కాల్పులు ఆగిపోయాయి. ఆ మాట క్లబ్బంతా విన్నది.

తాత చీలిన ఖోకా ఒకటి చేతిలోకి తీసుకుని, దాని మెడను వేలితో తడిమారు.

"అంటే నాకు మతి పోలేదంటవ్."

పోలేదన్నాను.

"కండ్లద్దాలు మర్చింది లెక్కల రాదు గద?"

రాదన్నాను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. సబ్బునీళ్లంటే సబ్బునీళ్లేనని కాసేపు చీవాట్లు పెట్టి, కర్ర అందుకుని లేచారు.

"సెక్రటరీ తాన నా కాగితం వాపస్ తెచ్చుకుంట. నేనొచ్చేదాంక ఈ కుర్సీల ఎవ్వల్ని కూసోనియ్యకు."