పలకల గనిలో మేస్త్రి మీసం

మీ ఇంట్లో ఏదైనా పగిలితే మీరు మొదట చూసేది పగిలిన వస్తువునా, దాని పక్కన నిలబడ్డ మనిషినా? తొందరపడి జవాబు చెప్పకండి. మా మామ గనిలో అందరూ మనిషినే చూశారు. తర్కం చదువుకున్న నేను కూడా మనిషినే చూశాను. కాకపోతే నేను చూసింది వేరే మనిషిని.

అప్పట్లో నేను మద్రాసులో కాలేజీ చదువు వెలగబెడుతున్నాను. వితంతు వివాహాల మీద, అంటరానితనం మీద జరిగే వాదసభల్లో పెద్దపెద్ద పండితుల నోళ్లు మూయించానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. తప్పుడు వాదాల రకాలు ఓ డజను, పేర్లతో సహా కంఠస్థం. వేసవి సెలవులకు వచ్చి, మార్కాపురం దగ్గర మామ నడిపే గనికి ఊసుపోక వెళ్లేవాణ్ణి. బడిపిల్లలు రాసుకునే పలకలకు రాయి అక్కడ తీసేవారు. గోతిలోంచి తీసిన బండను పక్క నుంచి ఉలితో తడితే, పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా విడిపోవాలి.

ఆ యేడు వేసవిలో ఒక నెల నుంచి విడిపోవడం లేదు. ముక్కలవుతోంది.

సరిగ్గా ఆ నెలలోనే మామ ఒకామెను ఉలిపనికి పెట్టుకున్నాడు. పక్క పాలెంలో క్రైస్తవుల ఇంటి మనిషి. అంతకుముందు ఆడవాళ్లు బండలు మోసేవారే గాని ఉలి పట్టలేదు. మోతకంటే ఉలిపనికి కూలి ఎక్కువ. ఇంకేం కావాలి? గనిలో కూలీల పని చూసే మేస్త్రి కారణం కనిపెట్టేశాడు.

“ఈమె వచ్చినాకనే రాయి పగలబట్టె పెద్దయ్యా. మా తాతల కాలం నుంచి ఆడది ఉలి ముట్టలే. తీసెయ్యి.”

ఆ గని తవ్వడం మొదలుపెట్టి పదేళ్లు కాలేదు. తాతలు ఎక్కడి నుంచి దిగారని అడిగాను.

“నువ్వు పిలక కత్తిరించుకున్నోడివి చిన్నయ్యా. రాయి సంగతి నీకేం తెలుసు?” అన్నాడు.

నా పిలకకూ పలకరాయికీ చుట్టరికం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మామ మాత్రం తల గోక్కుంటూ, “రేపటి నుంచి మోతకు పోమ్మా” అన్నాడు ఆమెతో. నాకు రోషం వచ్చింది. సభలో లేచినట్టు లేచాను.

“మామా, మేస్త్రి మీసం పెంచింది కూడా ఈ నెలలోనే గదా? రాయి ఆ మీసం వల్ల పగల్లేదని ఎట్ల చెప్తావు?”

ఎదుటివాడి వాదాన్నే తిప్పి వాడి మీద వేస్తే, అందులో బోలుతనం అందరికీ కనిపిస్తుందని మా సభల్లో నేర్పారు. మద్రాసులోనైతే చప్పట్లు పడేవి. మామ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రి మూతి వైపు చాలాసేపు పరీక్షగా చూశాడు.

“నిజమే అల్లుడా, నాకు తట్టనేలే! ఒరే మేస్త్రీ, రేపు గొరిగించుకొని రా. అప్పటిదాకా ఆమెను ఉలిపనిలోనే ఉండనీ.”

“ఎగతాళికన్నాను మామా!”

“ఎగతాళికైనా మంచి మాటే అన్నావులే.”

మర్నాడు మేస్త్రి నున్నటి మూతితో వచ్చాడు. పనివాళ్లందరికీ ఒక్కసారే దగ్గు పట్టుకుంది. రాయి ఎప్పటిలాగే ముక్కలైంది.

“చూసినావా పెద్దయ్యా! రెండిట్లో ఏదో ఒకటి గదా కారణం? మీసం పోయినాది. ఇంక మిగిలింది ఈమే!” అన్నాడు మేస్త్రి.

మూడో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచలేదు. తోచాల్సిన నేను, ఈ రకం తప్పుకు నా డజనులో పేరేమిటా అని వెతుక్కుంటున్నాను. మామ ఆమెను ఉలి కింద పెట్టమన్నాడు.

ఆమె పెట్టలేదు. నా వైపు తిరిగింది.

“మీసం సంగతి ఎత్తితివి గాని చిన్నయ్యా, నీళ్ల సంగతి ఎత్తకపోతివే?”

“ఏం నీళ్లు అక్కా?”

“తీసిన బండ మీద గోనెపట్టా కప్పి నీళ్లు చల్లాల. ఎండితే పొర రాదు, పగుల్తాది. ఈ కరువులో బండి మీద వచ్చేదే నాలుగు కుండలు. మేస్త్రన్నేమో అవి తను కూచునే పందిరి మీద చల్లించుకుంటాండె.”

అందరం పందిరి వైపు చూశాం. తాటాకుల నుంచి ఇంకా బొట్లు కారుతున్నాయి.

“తలకాయ చల్లగుంటేనే గదా పని చూసేది!” అన్నాడు మేస్త్రి.

“సరే అన్నా, తేల్చుకుందాం. ఈ పొద్దు తీసిన బండల్లో సగం తడిపి కప్పుదాం, సగం ఎండకు వదిలేద్దాం. రేపు రెండు రకాలూ నువ్వూ చీల్చు, నేనూ చీలుస్తా.”

అంత తిన్నని మాట మద్రాసు సభల్లో ఎవరి నోటా వినలేదు. మామ సరేనన్నాడు. మర్నాడు తడిబండ ఇద్దరి చేతుల్లోనూ పొరలుగా విడిపోయింది. ఎండినది ఇద్దరి చేతుల్లోనూ ముక్కలైంది.

“నా చేతి ఒడుపు చూసి నేర్చుకున్నాది, అందుకే ఆమెకూ విడిపోయినాది,” అన్నాడు మేస్త్రి, లేని మీసం తడుముకుంటూ. ఈసారి మామ కూడా నవ్వాడు. నీళ్లకుండలు బండల దగ్గరికి మారాయి. ఉలి ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆమె తరఫున అంతగా గొంతు చించుకున్న నేను, ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు. ఆ తప్పు నా డజనులో లేదు. ఇవాళో రేపో మీ చెవిన కూడా ఎవరో “ఆ మనిషి వచ్చినప్పటి నుంచే” అని మొదలుపెడతారు. వాళ్లతో వాదనకు దిగి చప్పట్ల కోసం చూడకండి. లేవండి. వెళ్లి ఆ మనిషినే అడగండి.