రిపోర్టులో హర్షధ్వానాలు

ఆరేళ్ళుగా ఒక ఇంగ్లీషు వాక్యం నా గుండెల మీద కూర్చుని ఉంది. తప్పుల్లేని వాక్యం. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఇక నా వల్ల కాదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రిపోర్టులు రాయడం నా పని. సభ జరిగిన సాయంత్రమే రిపోర్టు పైకి వెళ్ళాలి. అందుకని ముందురోజే రాసి పెట్టుకుంటాం. పేర్లు మారుస్తాం, అంతే. ఆ సభకూ అలాగే రాశాను: ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో 'ద క్రౌడ్ బరస్ట్ ఇన్‌టు చీర్స్'. సరైన చోట సరైన మాట పడిందని మా ఆఫీసర్ మెచ్చుకున్నారు. పొంగిపోయాను. ఏడిచినట్టే ఉంది నా పొంగు!

మర్నాడు మే నెల ఎండ. హాల్లో పట్టాల్సిన దానికి రెట్టింపు జనం. ఏసీలు ఆగిపోయాయి. అతిథి వెళ్ళేదాకా తలుపులు తీయకూడదని ఆర్డరు. ప్రసంగం మధ్యలో జనం అరిచారు. గాలి కోసం. ఒక ముసలావిడ పడిపోయింది కూడా. పక్క తలుపు దగ్గరున్న గార్డు అప్పలనాయుడు, మా విజయనగరం వైపు మనిషి, గడియ తీసేశాడు. జనం బయటికి పరిగెత్తారు. అతిథికి కోపం వచ్చింది. సాయంత్రం నా రిపోర్టు ఒక్క అక్షరం మారకుండా పైకి వెళ్ళింది.

ఆర్డరు మీరి తలుపు తీశాడని నాయుడి మీద విచారణ పెట్టారు. జనానికి ఊపిరాడక తీశానని అతను చెప్పాడట. విచారణ అధికారులు నా రిపోర్టు తీసి చూపించారు. చీర్స్ అని ఉంది కదా!

అతను నా సీటు దగ్గరికొచ్చాడు.

"బాబూ, తవరూ అక్కడే ఉన్నారు గదా. ఆళ్ళెందుకరిసారో ఒక్క ముక్క సెప్పండి బాబూ."

"రిపోర్టు వెళ్ళిపోయింది నాయుడూ. ఇప్పుడు నేనేం చెయ్యను?"

"అచ్ఛా," అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఒక్క సవరణ నోట్ పెడితే అతని ఉద్యోగం నిలబడేదేమో. ముందే రాసిన సంగతి బయటపడితే నా ప్రమోషన్ పోతుందని భయపడ్డాను. భయమేనా? లేక అంత చక్కగా కుదిరిన వాక్యాన్ని నా చేత్తో నేనే కొట్టేయలేకపోయానా? ఈ రెండోది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అతన్ని తీసేశారు. ఢిల్లీ పక్కన వైశాలిలో ఉన్న అద్దె గది ఖాళీ చేసి, పిల్లల్ని బడి మాన్పించి, ఊరెళ్ళిపోయాడని విన్నాను. నాకు ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు ఆ రిపోర్టే నమూనా. మొన్న ఒకమ్మాయి చీర్స్ అన్న మాట మీద వేలు పెట్టి, ఇక్కడ ఇది కరెక్టేనా సర్ అని అడిగింది. కరెక్టే అన్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు రాయాల్సింది ఇవాళ రాస్తున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ హాల్లో ఎవరూ హర్షధ్వానాలు చేయలేదు. ఊపిరాడక అరిచారు. నేనూ అరిచాను. నాయుడు తీసిన తలుపులోంచే నేనూ బయటపడ్డాను.