వెళ్ళేవాళ్ళకే గీత

మెర్ల్‌కు అరవై రెండేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ కడ్‌జీ పాయింట్ కారవాన్ పార్కులోనే, సెలవులకొచ్చేవాళ్ళు ఇళ్ళలాంటి బళ్ళు నిలుపుకుని బస చేసే చోట. వాళ్ళ నాన్న అక్కడ కాపలాదారు. ఆయన పోయాక చీపురూ తాళాల గుత్తీ మెర్ల్ చేతికొచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళూ "ఏడాది పొడుగునా సముద్రం ఒడ్డునే! ఎంత అదృష్టవంతురాలివో" అంటారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

సెలవులనేవి వచ్చి వెళ్ళేవాళ్ళవి. అక్కడ డిసెంబరంటే నడివేసవి. బడులు మూసేయగానే వాగా అనే ఊరి నుంచి జానెల్ కుటుంబం దిగేది. ఏటా అదే పన్నెండో నంబరు జాగా. జానెల్‌దీ మెర్ల్‌దీ ఒకటే ఈడు. మామిడిపళ్ళ పెట్టె, చెత్తడబ్బా వికెట్టుగా క్రికెట్టు, ముక్కు మీద తోలు లేచేదాకా ఈత. మెర్ల్ కూడా ఆడేది, కాదనడానికి లేదు. కానీ మంచి రసపట్టులో నాన్న కేకేసేవాడు, స్నానాల గదులు కడగాలని. ఆమె కడిగి తుడిచిన నేల మీదే జానెల్ ఇసుక కాళ్ళతో నడిచొచ్చేది. పైగా నవ్వేది.

అన్నిటికంటే ఆమెకు ఒళ్ళు మండించేది ఆ స్తంభం. బట్టల తాడు కట్టిన పాత కర్రస్తంభం అది. సెలవులు ముగిసి కార్లు బయల్దేరే రోజు పొద్దున్నే పిల్లలంతా దానికి వీపు ఆనించి వరసగా నిలబడేవాళ్ళు. తల మీద పుస్తకం పెట్టి గీత గీసి, పక్కన పేరూ ఏడూ చెక్కాలి. మళ్ళీ వచ్చినప్పుడు ఎంత పెరిగారో చూసుకోవాలి కదా! చెక్కేది మెర్ల్, నాన్న చాకుతో. వెళ్ళేవాళ్ళకే గీత. మెర్ల్ ఎక్కడికీ వెళ్ళదు కనుక ఆమెకు లేదు. తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి అడిగితే జానెల్ అంది: "నువ్వెక్కడికీ పోవుగా, నీకెందుకే?"

ఆ మాట మెర్ల్ ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ ఏడు పార్కు చేతులు మారింది. కొత్త యజమానులు ఆ స్తంభం తీసేయిస్తారట. మనవరాలు టిల్లీతో వచ్చిన జానెల్ ఆ సంగతి విని మెర్ల్ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"మెర్ల్, మేం వెళ్ళే రోజున ఆ గీతలున్న ముక్క కోసివ్వవే. ఇంట్లో పెట్టుకుంటా. ఆ వేసవులు తలుచుకుంటే ఏడుపొచ్చేస్తోంది నాకు."

"అలాగేలే" అంది మెర్ల్. లోపల మాత్రం కుతకుతలాడిపోయింది. ఏడుపొస్తోందట! సెలవులూ తనవే, వాటిని తలుచుకుని ఏడవడమూ తనదేనా?

వాళ్ళ ప్రయాణం ఇంకా రెండు రోజులుంది. వాళ్ళు ఈతకు వెళ్ళినప్పుడు మెర్ల్ రంపం తెచ్చి స్తంభాన్ని మోకాలెత్తున కోసేసింది. ముక్కను షెడ్డులో పట్టా కింద దాచింది.

జానెల్ తడి తువ్వాలుతో వచ్చి మోడును చూసి నిలబడిపోయింది.

"చెద పట్టింది. కాల్చేశా" అంది మెర్ల్.

"అమ్మమ్మా, మరి మెర్ల్ గీత ఎక్కడ గీద్దాం?" అంది టిల్లీ.

"నువ్వూరుకోవే."

"ఏం గీత?" అంది మెర్ల్.

జానెల్ మోడు మీద కూలబడింది. "కోసే ముందు నిన్ను నిలబెడదామనుకున్నాం. మా అందరివీ నువ్వే చెక్కావు. నీ పేరొక్కటే లేదు. ఇన్నేళ్ళకు బుద్ధొచ్చింది నాకు."

మెర్ల్ షెడ్డుకు వెళ్ళింది. స్తంభం భుజాన వేసుకుని వచ్చింది.

"కాల్చేశానన్నావు?"

"అబద్ధం. నువ్వంటే నాకు కుళ్ళు. చిన్నప్పట్నుంచీ."

"తెలుసులేవే. ఏటా నా గీత ఒక వేలు కిందకి గీసేదానివి. మా అమ్మ ఇక్కడ గీతనూ, ఇంటికెళ్ళి నన్నూ కొలిస్తే తేలేది."

మెర్ల్ మొహం కందగడ్డయింది. జానెల్ నవ్వుతూనే లేచి, ముక్కను మోడు మీద నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది. "నిలబడు. మడమలు ఎత్తకు, దొంగముండా."

మెర్ల్ నిలబడింది. టిల్లీ కుర్చీ ఎక్కి, ఆమె తల మీద పుస్తకం పెట్టి గీత గీసింది. తిరిగి చూస్తే, అది జానెల్ పద్నాలుగేళ్ళ గీతకు కింద ఉంది. దాన్ని అప్పట్లో తను ఒక వేలు తగ్గించి గీసినా అంతే. మెర్ల్‌కు మళ్ళీ కడుపు మండింది.

రెండు రోజులకు, వాళ్ళు బయల్దేరే పొద్దున, మెర్ల్ పేరు కూడా చెక్కిన ఆ స్తంభాన్ని కారు మీద కట్టారు. గేటు తీసింది మెర్లే. కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆమె పేరు మొదటిసారి సెలవులు ముగించుకుని ఇంటికి వెళ్తోంది. వెళ్తున్న ఆ పేరును చూసినా ఆమెకు ఈర్ష్యే కలిగింది. చీపురు తీసుకుని పన్నెండో నంబరు జాగా ఊడవడానికి వెళ్ళింది.