కుళ్ళాయప్ప ఎడమ కన్ను

ధర్మవరం స్టేషన్ రోడ్డులోని తన స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చినవాళ్లకు సలాం రెండు లైట్లు వేసేవాడు. స్నేహితులకు ఒకటే. మాకు ఆ ఒక్క లైటే గొప్ప.

సలాం హిందూపురంలో పని నేర్చుకున్నాడు. అక్కడి గురువు దగ్గర పాత నలుపు తెలుపు సినిమాల స్టిల్స్ ఒక పెట్టెడు ఉండేవట. సగం ముఖం వెలుగు, సగం చీకటి. ఇతనికి ఆ పిచ్చి పట్టుకుంది. 1974లో స్టూడియో తెరిచాడు. ఊరంతా రంగుల సినిమాలకు ఎగబడుతుంటే, ఇతను ఆదివారాలు మమ్మల్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టేవాడు. పోస్టాఫీసు గుమాస్తానైన నన్ను కూడా జమీందారులా చూపించాడంటే పనితనం ఒప్పుకోవాలి.

అందరికన్నా కుళ్ళాయప్పంటే మోజు. పట్టుచీరలు నేసే మనిషి, కోటేరులాంటి ముక్కు. కుడి వైపు లైటు పెట్టి తొమ్మిదేళ్లలో పదకొండు ఫోటోలు తీశాడు.

"నన్ను గూడా అందర్ని తీసినట్ల నిండు ముఖం తీయప్పా. ఇంట్లో ఆయమ్మ పోరుతాండాది," అనేవాడు కుళ్ళాయప్ప.

"ఆ ముఖం యాడైనా తీస్తారు పోబ్బా," అని సలాం నవ్వేవాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

1983 శ్రావణంలో జ్వరమని పడుకున్న కుళ్ళాయప్ప ఆరో రోజుకు లేడు. మేమిద్దరం ఇంటికి పోతే, భార్య ఆదిలక్ష్మి మగ్గం పక్కన పదకొండు ఫోటోలూ పరిచి కూర్చుని ఉంది.

"ఈ పక్క కన్ను యాడబోయిందన్నా?" అని సలాంను అడిగింది. "పెద్దకర్మకు పటం పెట్టాల. చిన్నది రేపు మా నాయన ఎట్లుండె అంటే ఏం చూపీల?"

పెళ్లిలో ఫోటో తీయించుకునే స్థోమత వాళ్లకు లేకపోయింది. ఇవి తప్ప ఇంకేమీ లేవు.

"తెస్తా చెల్లెమ్మా," అన్నాడు సలాం.

ఎక్కణ్ణుంచి తెస్తాడు? వెలుతురు పడనిది ఫిల్ముకు ఎక్కదు. నెగటివుల్లో ఆ పక్క ఉత్త ఖాళీ. నాలుగు రోజులు డార్క్‌రూంలో తన్నుకులాడి, చివరికి నెగటివు మీద పెన్సిల్‌తో కన్ను గీద్దామని కూర్చుని నన్ను పిలిచాడు.

"ఎడమ పక్క గాటుండె గదా. కనుబొమకు పైనా, కిందా?"

పెనుకొండ కోట ఎక్కుతూ పడినప్పటి గాటు అది. ఆ రోజు రక్తం తుడిచింది నేనే. అయినా గుర్తు రాలేదు. తొమ్మిదేళ్లు కెమెరాలోంచి చూసిన సలాంకూ గుర్తు రాలేదు. కుళ్ళాయప్ప ముఖంలో బాగున్న సగాన్నే చూసుకుంటూ మురిసిపోయాం, అంతే.

ఆమెను అడగడానికి మొహం చెల్లలేదు. కుడి సగాన్నే తిరగేసి ఎడమకు అతికించాడు. నిండు ముఖం వచ్చింది. పెద్దకర్మ పొద్దున తీసుకెళ్లి ఇచ్చాం. ఆదిలక్ష్మి చాలాసేపు చూసింది.

"ఈయప్ప ఎవరన్నా?"

కోపంతో కాదు, నిజంగానే అడిగింది. దాన్ని పక్కన పెట్టి, సగం ముఖానికే దండ వేసింది.

మర్నాడు సలాం నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి రెండు లైట్లూ వేశాడు. నవ్వాలా అని అడిగాను.

"ఏమీ వద్దబ్బా. ఊరికే కనపడు."

కెమెరా వెనక అతని చేతులు వణుకుతున్నాయి. ఆ ఫోటోలో నా ముఖం కదిలిపోయి వచ్చింది.